పక్కకు తిరిగిన ముఖం

తిరుమలగిరి
విరోధి నామ సంవత్సరం, చైత్ర బహుళ పాడ్యమి

చిరంజీవి కోటయ్యకు మామ జంగయ్య రాసేది.

క్షేమమేనా అని అడగను. రెండు చేతులూ పనిచేస్తున్నవాడివి, క్షేమంగానే ఉంటావు. మా చెల్లె సాయమ్మ సంగతి మాత్రం రాయి. దగ్గు తగ్గిందా?

ఈ అక్షరాలు చూసి నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేయి బాగున్న రోజుల్లో కూడా నాకు అక్షరం అచ్చిరాలేదు. చిన్నప్పుడు కానిగి బడిలో ఒక్క ఎండాకాలం కూర్చున్నాను. పంతులు ఏనుగు అని రాయమంటే ఏనుగు బొమ్మ వేశాను. వీపు మీద బెత్తం పడింది. ఏనుగు మాత్రం బాగా వచ్చింది.

అసలు సంగతి. కథ చెప్పే జానయ్య మొన్న మా ఊరి మీదుగా పోతూ మా అరుగు మీద కూర్చున్నాడు. సాలెవాళ్ళ కులకథ పటం చినిగిపోయిందట, కొత్తది రాసే పని నీకు ఒప్పజెప్పాడట. నా చేతి వైపు చూడకుండా చెప్పాడు. మంచివాడు. ఆ పటం మా తాత రాశాడు, మా నాయన రాశాడు, నేను రెండుసార్లు రాశాను. ఇప్పుడు నీకు వచ్చింది. నాకు కుళ్ళు లేదు. ఉంటే ఉందనే చెప్తాను కదా.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పటంలో మగ్గాలు విరగ్గొట్టించే రాక్షసుడు ఉన్నాడు చూడు, వాడికి రాఘవులు ముఖం పెట్టు.

రాఘవులు అంటే మా దొరగారి గడీలో గుమాస్తా. నా చేయి పోయింది వాడి వల్లే అని నీకు తెలుసు, ఎలాగో తెలియదు. ఆ రోజు నేను ఒక పటానికి కళ్ళు పెడుతున్నాను. మన ఇంటి ఆచారం నీకు చెప్పేదేముంది, అన్ని బొమ్మలకూ కళ్ళు చివరన ఒక్క కూర్చోవడంలో పెట్టాలి, మధ్యలో లేవకూడదు. గడీలో పెళ్ళి, గోడలకు బొమ్మలు వెయ్యాలి, వెట్టికి వెంటనే రావాలని కబురు వచ్చింది. కళ్ళు అయ్యాక వస్తానన్నాను. కాసేపటికి రాఘవులే వచ్చాడు. నా గడపరాయి మీదే నా చేయి పెట్టించాడు. ఇద్దరు పట్టుకున్నారు, మూడోవాడు గడ్డపార ఎత్తాడు. వేళ్ళు ఎటు పోయాయో అటే అతుక్కున్నాయి. ఇప్పుడు ఆ చేత్తో ముద్ద కూడా కలుపుకోలేను.

సంఘం వాళ్ళకు జడిసి దొర పట్నం పోయాడు. రాఘవులు మిర్యాలగూడ పోయి రైసుమిల్లులో పెద్ద గుమాస్తాగా చేరాడు. తెల్ల ధోతి కట్టుకుని పెద్దమనిషిలా తిరుగుతున్నాడట. మిలిటరీ వచ్చాక వాళ్ళకు అర్జీ పెట్టాను. రాసుకున్నారు. రాసుకుని ఊరుకున్నారు.

జానయ్య పటం విప్పి, కర్రతో బొమ్మ బొమ్మా చూపిస్తూ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు వైపులా పాడతాడు. మూడు వైపులా రాఘవులు చేతి దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి ముందూ వాణ్ణి నిలబెట్టి చంపించాలి. కథ చివర రాక్షసుడు చస్తాడు కదా, ఊరూరా చావాలి. మిర్యాలగూడలో వాడు కూర్చుని చూస్తుండగా చావాలి.

నా చేయి లేదు. నీ చేయి ఇవ్వు.

మామ జంగయ్య


కోదాడ
2-5-1949

పూజ్యులైన మామ గారికి కోటయ్య నమస్కరించి వ్రాయునది.

అమ్మకు దగ్గు తగ్గింది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే కొంగుతో ముఖం కప్పుకుంది. తరువాత, "మామ అడిగింది చెయ్యిరా" అంది.

చేస్తాను మామా. బట్టకు చింతగింజల అంబలి రెండు పూతలు అయ్యాయి, సుద్ద పూత ఆరుతోంది. బొమ్మల వెనక ఎర్ర రంగు నేల వెయ్యడమే తరువాయి. కాని ఒక చిక్కు. మన రాక్షసుడి ముఖం తాతల నాటి నుంచి ఒకటే: గుడ్లురుముతూ, కోరలు బయటికి వచ్చి, జనం వైపే చూస్తూ ఉంటాడు. పిల్లలు దడుచుకుంటే బొమ్మ కుదిరినట్టు. దానికి ఒక మనిషి ముఖం ఎలా తేవాలి?

పైగా నేను రాఘవులును ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటాడో మీరు వివరంగా రాస్తే, నేను గీసుకుంటాను.

అత్తకు నమస్కారాలు.

మీ అల్లుడు
కోటయ్య


తిరుమలగిరి
వైశాఖ బహుళ విదియ

కోటయ్యా,

ఎలా ఉంటాడో రాయమన్నావు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి అదే పని. తిండి మానేసి, ముందు పలక మీద రాసి చూసుకుంటూ కూర్చున్నాను. మీ అత్త సత్తెమ్మ ఆ పలక దాచేస్తానంటోంది.

ముఖం ముఖంలా ఉంటుంది. నుదురు నుదుటి చోటే ఉంది. ఇలా రాస్తే నీకేం తెలుస్తుంది? చేయి ఉన్నప్పుడైతే ఒక గీత చాలు నాకు, చెవి దగ్గర మొదలుపెట్టి గడ్డం కింద ఆపితే వాడు వచ్చేసేవాడు. మాట అలా కాదు. ఒక మాట రాస్తే ఊళ్ళో సగం మంది ఆ మాటలో పడుతున్నారు. పొట్టివాడు కాదు అని రాశాను. అంటే ఎంత పొడుగు? మళ్ళీ చెరిపాను. రాతగాళ్ళు ఇంత గుడ్డిపని చేస్తూ ఎలా బతుకుతారో నాకు తెలియదు.

సరే రాస్తున్నాను. దవడ వెడల్పు. ముక్కు గొడ్డలి వాదర లాగా, మధ్యలో ఎత్తు, చివర కిందికి. పెదవి పైది పల్చన. కనుబొమ్మలు కలిసిపోయి ఉంటాయి. చూపులో మంట. మెడ మీద నరం ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. ఇలా గీయి.

సత్తెమ్మను అడిగితే ఏమందో తెలుసా? "గాయన అందగాడే గద! ఎడం పాపిట తీసి, తలకు నూనె రాసి, సూడ ముచ్చటగుంటుండె." మొగుడి వేళ్ళు విరగ్గొట్టించినవాణ్ణి ముచ్చటగా ఉన్నాడంటోంది. పొద్దుటి నుంచి మాట్లాడటం లేదు నేను. ఆమె మాట రాయకూడదనుకున్నాను. రాశాను. నువ్వు లెక్కలోకి తీసుకోకు.

వానలు లేవు. బావిలో బురద.

జంగయ్య


కోదాడ
29-5-1949

మామ గారికి,

మీరు రాసింది రాసినట్టు కాగితం మీద గీసి, సూర్యాపేట బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. దవడ, ముక్కు, పెదవి, కనుబొమ్మలు, మెడ నరం, ఒక్కటీ వదల్లేదు.

చెప్పకుండా ఉండలేక చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, "ఇదేందిరా, మా అన్నను రాక్షసుణ్ణి జేసినవ్?" అని నవ్వింది. నేను కూడా చూసుకున్నాను. మామా, మీ ముక్కు కూడా గొడ్డలి వాదరే కదా. కోపం వస్తే మీ మెడ నరం కూడా అలాగే లేస్తుంది. ఎక్కడో మాట జారిందేమో, సరిచూసి రాయండి.

కోటయ్య


తిరుమలగిరి
ఏరువాక పున్నమి

కోటయ్యకు,

కాగితం అందింది. పొయ్యిలో పెట్టాను.

నేను నీకు ఒక గజదొంగ ముఖం చెప్తే నువ్వు నీ మామ ముఖం గీసి పంపుతావా? దానికి మీ అమ్మ నవ్వుతుందా? తోబుట్టువు కాబట్టి ఊరుకుంటున్నాను. నా ముక్కు సంగతి నాకు తెలుసు. వాడి ముక్కుకూ నా ముక్కుకూ పొత్తు లేదు.

తప్పు మాటలో లేదు, నీ చేతిలో ఉంది. అది మీ నాయన చేయి. పెద్దవాడు పోయాడు, మంచే చెప్పుకోవాలి, అయినా చెప్తాను. మీ నాయనకు జన్మలో ముక్కు రాలేదు. ముక్కు వచ్చే చోటల్లా రథం చక్రమో గుర్రం తోకో అడ్డం పెట్టేవాడు.

లేదంటే నీకు భయం అయినా ఉండాలి. దొరలు మళ్ళీ ఊళ్ళలోకి వస్తున్నారని, రాఘవులు మళ్ళీ గడీ ఎక్కుతాడని కోదాడలో అనుకుంటున్నారేమో. భయమైతే భయమని రాయి. మామను గీసి తప్పించుకోకు.

ఊళ్ళో అందరూ అరకలు కట్టారు. ఎద్దు కొమ్ములకు రంగులు వెయ్యమని పిల్లలు నా దగ్గరికి వచ్చి, చేయి చూసి వెళ్ళిపోయారు. ప్రతి ఏడాదీ నేనే వేసేవాణ్ణి.

జంగయ్య


కోదాడ
28-6-1949

మామ గారికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. మా నాన్నను అన్న మాట మింగుడు పడలేదు. ముక్కులు రానివాడి కొడుక్కి ఈ పని ఎందుకు, జానయ్యకు బట్ట తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. అమ్మ ఆపింది. "వాడు తిట్టేది నిన్ను గాదు బిడ్డా, ఆ చెయ్యిని" అంది.

భయమన్నారు కదా. భయపడ్డవాడు ఏం చేశాడో వినండి. బస్సు ఎక్కి మిర్యాలగూడ వెళ్ళాను. తలుపులకు, పల్లకీలకు రంగులు వేసేవాణ్ణని చెప్పి మిల్లులోకి పోయాను. రాఘవులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏ ఊరు నీది?"

"కోదాడండి."

"ఎండల వడి వచ్చినవ్. కూసో. మజ్జిగ తాగు."

తాగాను మామా. దాస్తే తరువాత మీకు ఎవరో చెప్తారు. వాడికి ఎదురుగా కూర్చుని, గ్లాసు అంచు మీద నుంచి ముఖమంతా చూశాను. మీరు రాసింది ఏదీ లేదు. ముక్కు మామూలు ముక్కు. కనుబొమ్మలు కలవలేదు. చూపులో మంట లేదు. అత్త చెప్పిందే నిజం, ఎడం పాపిట, నూనె తల, శుభ్రమైన మనిషి. ఆ ముఖాన్ని ఉన్నదున్నట్టు పటంలో దింపితే అది రాక్షసుడు కాదు, ఎవరూ వీడు ఫలానా అని గుర్తుపట్టరు కూడా. మిర్యాలగూడ బజారులో అలాంటి ముఖాలు కోకొల్లలు.

బస్సులో వస్తూ ఆలోచించాను. మిల్లు అరుగు మీది ముఖం కాదు మనకు కావలసింది. ఆ రోజు మీ గడప దగ్గర, గడ్డపార లేచినప్పుడు వాడి ముఖం ఎలా ఉంది? అది చూసింది మీరు. అదొక్కటి రాయండి.

కోటయ్య


తిరుమలగిరి
తొలి ఏకాదశి తెల్లవారి

కోటయ్యకు,

నీ ఉత్తరం సగం చదివి విసిరికొట్టాను. నా వేళ్ళు విరగ్గొట్టించినవాడి మజ్జిగ నీ గొంతులో దిగిందా? నిమ్మకాయ పిండాడా? నిన్న ఉపవాసం, లేచి తిరిగే ఓపిక లేదు, లేకుంటే కోదాడ వచ్చి నీ గొంతులో వేలు పెట్టి కక్కించేవాణ్ణి.

తరువాత మిగతా సగం చదివాను. గడ్డపార లేచినప్పుడు వాడి ముఖం ఎలా ఉంది అని అడిగావు.

రాయడానికి కూర్చున్నాను. ముఖం రాలేదు. కళ్ళు మూసుకున్నాను, రాలేదు. గడప కనపడింది, దాని మీద పసుపు కనపడింది. నా చేయి కనపడింది. చేతిలో ఉడుత వెంట్రుకల కుంచె ఇంకా ఉంది, దాని మొన మీద నలుపు ఉంది, అది గడపకు అంటుతుందేమో అనుకున్నాను. అదే చూస్తున్నాను నేను. వాడి ముఖం చూడలేదు కోటయ్యా. ఇన్నాళ్ళూ చూశాననే అనుకున్నాను. ఆ కలిసిన కనుబొమ్మలు, ఆ మంట, అదంతా నాలో నుంచి వచ్చిందే. మీ అమ్మ నవ్విందంటే ఊరికే నవ్వలేదు.

సత్తెమ్మను పిలిచాను. వైశాఖం నుంచి ఆమెతో సరిగా మాట్లాడటం లేదు. నువ్వు చూశావా అని అడిగాను. చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తకుండా చెప్పింది:

"సూసిన. నీ దిక్కు ఎవలు సూస్తరు, నేను వాన్నే సూసిన. వాడు నీ దిక్కు సూడనే లేదు. తమలపాకు నములుకుంట బాట దిక్కు మొకం తిప్పుకుండు. 'జల్ది కానియ్యిండ్రి, ఎండైతాంది' అన్నడు. నువ్వు అరిసినప్పుడు గూడ ఇటు తిరగలే. నోరు పుక్కిలిస్త, నీళ్ళు తెమ్మని నాకే చెప్పిండు."

"తెచ్చినవా?" అన్నాను.

"తెచ్చిన," అంది. "తేకుంటె రెండో చెయ్యి గూడ పెట్టిస్తడనుకున్న."

ఇన్నాళ్ళూ ఆ మాట నాకు చెప్పలేదు ఆమె. నేను అడగలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. కోరలు తీసెయ్యి. గుడ్లు ఉరమనక్కర్లేదు. తెల్ల ధోతి కట్టు. వెనక మగ్గాలు విరుగుతుంటాయి, సాలెవాళ్ళు కింద పడి ఏడుస్తుంటారు. వీడు వాళ్ళ మధ్య నిలబడి ముఖం బాట వైపు తిప్పుకుని ఉంటాడు. బుగ్గలో ఆకు. కంట్లో కోపం వద్దు. ఎండైతుందే అని చూసే చూపు చాలు. రాయగలవా? మీ నాయన రాయగలిగేవాడు. ముక్కులు రాకపోయినా, నిలబడ్డ మనిషిని మాత్రం ఆయనలాగా ఎవరూ రాయలేదు.

జంగయ్య


కోదాడ
10-8-1949

మామ గారికి నమస్కారాలు.

నాన్న గురించి మీరు చివర రాసిన మాట అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

పటం అయింది. కళ్ళు నిన్న పెట్టాను. ఆ ఒక్క బొమ్మ కోసం బట్ట మీద ఎన్నిసార్లు సుద్ద పూసి చెరిపానో చెప్పను. కుంచె పట్టగానే చేయి దానంతట అదే కోరలు గీస్తుంది. ముఖం జనం వైపు తిరిగిపోతుంది. చిన్నప్పటి నుంచి నేర్చింది అదే మరి. చివరికి ఇంటి ముందు ఎండలో నిలబడి, నోట్లో ఆకు పెట్టుకుని, వీధి వైపు తిరిగి, అమ్మను వెనక నిలబడి ఏడవమన్నాను. ఆమె ఏడవకుండా తిట్టింది. అయినా మెడ ఎలా తిరుగుతుందో నాకు తెలిసిపోయింది.

జానయ్య వచ్చి చూశాడు. "గిదేం రాచ్చసుడయ్యా! పెండ్లికి వొయ్యేటోని లెక్కున్నడు. దీన్ని సూపిచ్చి నేను ఏమని పాడాలె? జనం నా మొకాన ఊస్తరు" అన్నాడు. తీసుకోనన్నాడు. ఒక్క ఊళ్ళో విప్పి చూడు, కుదరకపోతే నా చేత్తో చెరిపి పాత కోరలు పెట్టి ఇస్తానన్నాను. సూర్యాపేట వైపు మొదలుపెడతాడు. పాట మాత్రం పాతదే పాడతానన్నాడు, ఎవరి పేరూ ఎత్తనన్నాడు. ఎత్తమని నేనూ అడగలేదు.

కోటయ్య


తిరుమలగిరి
భాద్రపద బహుళ పంచమి

చిరంజీవి కోటయ్యకు మామ దీవించి రాసేది.

సూర్యాపేట పోయాను. సత్తెమ్మ కూడా వస్తానంది, మోకాళ్ళు నొప్పులు పెట్టుకుని. ఇద్దరం సాలెవాడలో వెనకగా కూర్చున్నాం. చేయి గొంగట్లో పెట్టుకున్నాను.

జానయ్య పాడుతూ పటం విప్పుతున్నాడు. నీ గుర్రాలు పరవాలేదు. నీలం జర ఎక్కువైంది. రాక్షసుడి చోటు వచ్చింది. జానయ్య ఎప్పటిలాగే కర్ర పెట్టి, భయంకరాకారుడు, కోరల మృత్యువు అని పాత పాట అందుకున్నాడు. బొమ్మేమో తెల్ల ధోతిలో బాట వైపు చూస్తోంది. ఇగ నవ్వుతారు అనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. జానయ్య పాడలేక ఆగాడు. ముందు వరసలో ఒక ముసలామె లేచి, పటం దగ్గరికి పోయి, ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది.

"గీడు గిట్లనే నిలవడ్డడు. నా కొడుకు వీపు మీద బండ వెట్టిచ్చిన నాడు గిట్లనే అటు మొకం వెట్టి ఆకు నమిలిండు."

ఇంకొకడు లేచాడు. "రాఘవులు గదనే గిది?" అన్నాడు. అంతే. ఆ పేరు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోయింది. ముక్కు చూసి కాదు, ఎవరూ ముక్కు చూడలేదు. ఆ మెడ తిరగడం చూశారు. తన్నులు తినేటప్పుడు తల ఎత్తి చూసిన ప్రతివాడికీ కనపడింది అదే. చివర రాక్షసుణ్ణి చంపే చోటు వచ్చేసరికి జానయ్య గొంతు ఎవరికి వినపడింది? ఆడవాళ్ళు చెప్పులు విసిరారు. పటం చినుగుతుందని జానయ్య అడ్డం పడ్డాడు.

వేళ్ళు పోయిన నాటి నుంచి నేను కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజే.

కాని ఒక మాట. సూర్యాపేట అయి చాలా రోజులైంది. నువ్వూ జానయ్యా కోదాడలోనే ఆగిపోయారని విన్నాను. మిర్యాలగూడ ఎప్పుడు? అక్కడి మజ్జిగ మళ్ళీ గుర్తొచ్చిందా? రాఘవులు ఏమైనా ఇచ్చి ఆపించాడా? నేను బతికుండగా కావాలి నాకు.

మామ జంగయ్య


కోదాడ
24-10-1949

మామ గారికి,

మజ్జిగ మాట ఇంక మానండి. ఆగింది ఎందుకో వినండి.

కోదాడలో జనం గుమిగూడటం చూసి మిలిటరీవాళ్ళు జానయ్యను పటంతో సహా క్యాంపుకు తీసుకుపోయారు. నేనూ వెంట పోయాను. అక్కడి ఆఫీసరు ఉత్తరాదివాడు. పక్కన హిందీ వచ్చిన ఒక ఊరివాణ్ణి పెట్టుకున్నాడు, మాట మార్చి చెప్పడానికి. జానయ్య చేతులు జోడించి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి పాడాడు. మగ్గం పుట్టింది, నూలు పుట్టింది, రంగులు పుట్టాయి. చెమటలు కారేదాకా పాడాక ఆ మనిషి ఆఫీసరుతో, "కప్‌డా బనాయా సాబ్" అన్నాడు, బట్ట నేశారు అని. ఆఫీసరు జానయ్య వంక చూసి, ఇంతసేపూ అదేనా అన్నట్టు చేయి తిప్పాడు. తరువాత మన రాక్షసుడి మీద వేలు పెట్టి ఎవడు వీడు అని అడిగాడు. మాట మార్చేవాడు తెల్ల ధోతి చూసి, "దూల్హా హై సాబ్" అన్నాడు, పెళ్ళికొడుకని. వదిలేశారు. కాని దీపావళి పండగ దాటేదాకా ఎక్కడా ఆడొద్దన్నారు.

దీపావళి వెళ్ళిన మర్నాడు మిర్యాలగూడలో విప్పాం. మిల్లు వెనక, పొద్దు వాలే వేళ. రాఘవులు వచ్చాడు మామా. పెద్దమనిషి కదా, ముందు కుర్చీ వేశారు.

రాక్షసుడి బొమ్మ వచ్చింది. సూర్యాపేట మాట అక్కడికి ముందే చేరినట్టుంది. జనం పటం చూశారు, కుర్చీ చూశారు, మళ్ళీ పటం చూశారు. సరిగ్గా అప్పుడు రాఘవులు బుగ్గలో ఆకు అటునుంచి ఇటు తోసుకుని, ముఖం పక్కకు తిప్పి, "ఏయ్, నీళ్ళు తేపో" అన్నాడు. అదే మెడ. అదే చూపు. పటంలో ఒకడు, కుర్చీలో ఒకడు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇక అందరూ పడీ పడీ నవ్వారు. రాఘవులు కూడా నవ్వాడు. ఎందుకో తెలియక, అందరితోపాటు నవ్వాడు. చివర రాక్షసుడు చచ్చే చోట చప్పట్లు కొట్టాడు.

వాడు గుర్తుపట్టలేదు మామా. మూడు ప్రాంతాలు గుర్తుపట్టిన ముఖాన్ని వాడొక్కడే గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆ ముఖం వాడు ఎన్నడూ చూసుకోలేదు కదా.

అయ్యాక నన్ను పిలిచాడు. "మజ్జిగ తాగిపోయినవ్ జూడు, నువ్వే గదా. నీ రాచ్చసుడు మంచిగ కుదిరిండు. గంత మందిని నవ్విచ్చిండు. కొత్త ఇల్లు కట్టిన. గుమ్మం మీద దిష్టికి గసుంటి మొకమే ఒకటి రాసియ్యి" అన్నాడు. మా మామను అడిగి చెప్తానన్నాను.

"ఎవలు మీ మామ?"

"తిరుమలగిరి బొమ్మల జంగయ్య."

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కావాలని కాదు. "ఎర్క లేదే" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అక్కడే చెప్పేద్దామనుకున్నాను, జానయ్య చేయి పట్టి లాగాడు. అమ్మ కూడా చెప్పెయ్యమంటోంది. వాడికి తెలియకపోతే ఇంత చేసి ఏం లాభం, తెలిస్తేనే కదా సిగ్గుతో చస్తాడు అంటోంది. మీరు ఊ అనండి. మిల్లు ముందు అందరూ చూస్తుండగా, ఆ బొమ్మ నువ్వే, ఆ చేయి మా మామది అని చెప్పేస్తాను.

కోటయ్య


తిరుమలగిరి
కార్తీక శుద్ధ ద్వాదశి

కోటయ్యకు,

నా పేరు గుర్తులేదన్నాడా.

ఆ ఒక్క ముక్క చదివి ఉత్తరం పక్కన పెట్టాను. సత్తెమ్మ నీళ్ళు తెచ్చింది, తాగలేదు. కోపంతో కాదు. వాడు నన్ను చూడలేదు, నేను వాణ్ణి చూడలేదు. వాడి లెక్కలో ఆ రోజు ఎండైంది, అంతే. ఎండ గుర్తుంటే గుర్తుండొచ్చు.

వాడికి తెలియాలనే నేనూ మొదట్నుంచీ అనుకున్నాను. కుర్చీలో కూర్చుని చూసుకుని, తల దించుకోవాలని. ఇప్పుడు వద్దంటున్నాను. చెప్పకు. మీ అమ్మకు కూడా నచ్చజెప్పు.

చెప్తే ఏమవుతుంది? వాడికి సిగ్గేస్తుంది. ఏదో ఒక రోజు పండ్లు పట్టుకుని నా ఇంటికి వస్తాడు. ఆ గడప దగ్గరే నిలబడతాడు. ముఖం ఇటు తిప్పి, నా చేయి చూసి కంటనీరు పెడతాడు. ఊళ్ళో అందరూ, "పాపం, మారిండు" అంటారు. అప్పుడు వాడు మనిషి అయిపోతాడు కోటయ్యా. నువ్వు ఎండలో నిలబడి, చెరిపి చెరిపి రాసిన రాక్షసుణ్ణి మనమే మళ్ళీ మనిషిగా మార్చి ఇచ్చినట్టు అవుతుంది. వాణ్ణి మనిషిని చేసే పని నాది కాదు. నీదీ కాదు.

సత్తెమ్మ అంది, "గింత పగ ఎట్ల మోస్తవయ్యా? దించెయ్యరాదు?" దించుతున్నాను అన్నాను. వాడి గుమ్మం మీద దించుతున్నాను.

మిర్యాలగూడ పో. ఆ పని ఒప్పుకో. మజ్జిగ ఇస్తే తాగు, ఈసారి ఏమీ అనను. గుమ్మానికి నడిమధ్యన, మనిషి తలకు జానెడు పైన రాయి. బజారులో పొట్లాల్లో అమ్మే రంగులు వాడకు, మూడు వానలకు పోతాయి. రాళ్ళు నూరుకో. తుమ్మ జిగురు ఎక్కువ వెయ్యి. కోరలు అడుగుతాడు, దిష్టికి ఇలాగే ఉండాలని చెప్పు. ముఖం బాట వైపు తిరిగి ఉండాలి, బుగ్గలో ఆకు ఉండాలి.

మిల్లుకు వడ్లు తెచ్చేవాళ్ళు, వాడి ఇంటికి విందుకు వచ్చేవాళ్ళు, వియ్యంకులు, చుట్టాలు, అందరూ తల ఎత్తి చూస్తారు. చూసి, వాణ్ణి చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. జానయ్యకు చెప్పు, అన్ని ఊళ్ళకూ చెప్పమను, ఒక్కరూ నోరు విప్పకూడదు. ఎందుకు నవ్వుతున్నారని వాడు అడుగుతాడు. అడగనీ.

కొత్త ఇల్లంటున్నావు, ఆ ఇంట్లో పిల్లలు పుడతారు. వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్షరాలు రాకముందే పిల్లలకు బొమ్మ తెలుస్తుంది. ఒక రోజు వాడు ఎవణ్ణో కొట్టిస్తూనో, పనిమనిషిని కసురుతూనో, ఆకు నములుతూ ముఖం పక్కకు తిప్పుతాడు. అప్పుడు మనవడో మనవరాలో గుమ్మం పైకి చూసి, వాణ్ణి చూసి, "తాతా, గిది నువ్వే గదా" అంటుంది.

అది పరాయివాడి నోట వినకూడదు వాడు. ఆ నోట వినాలి.

మామ జంగయ్య